తెలియదనుట చాలునా?

ధ్యాన భాగములు: 2 రాజులు 4:38-41, నిర్గమకాండము 21:28-36, లూకా 12:47, 48.



గిల్గాలులో కరవు దినములలో జరిగిన సంగతి మీకు తెలిసినదే. ప్రవక్తల శిష్యులకు కూర వండుమని ఎలీషా తన పనివానితో చెప్పెను. వారిలో ఒకడు కూరాకు కొరకు పొలమునకు పోయెను. అచ్చట ఒక అడవి తీగె కనబడెను. దాని నిండ కాయలు. కాపలా లేదు, వెల లేదు, వద్దనువాడు లేడు. ఒడి నిండ కోసికొని వచ్చి, తరిగి, కుండలో వేసెను. వడ్డించి తిననారంభించిన తరువాతగాని అవి ఎట్టి కాయలో ఎవరికిని తెలియలేదు.

ఈ మనుష్యుని గూర్చి నేను పలుమారు ఆలోచించితిని. అతడు దుర్మార్గుడు కాడు. ఆకలిగొన్న తోడివారికి మేలు చేయవలెనని పోయినవాడు. తానును ఆ కుండలోనిదే తినవలసినవాడు. అయినను విషము కుండలోనికి వచ్చినది అతని ఒడిలోనుండియే. అతడు దోషియా, నిర్దోషియా? "నాకు తెలియదు" అను ఒక్క మాట అతనిని విడిపించునా?

ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇండ్లలోనికి వచ్చినది. మన పల్లెలలో ప్రతి యింట ఫోను ఉన్నది. అనేక సంఘములలో కంప్యూటరు ఉన్నది. పాటలు, సినిమాలు, ప్రోగ్రాములు ఒకరినుండి మరియొకరికి వెల లేకుండ చేరుచున్నవి. వాటి వెంట వైరసులును చేరుచున్నవి. నేను దీనిని గూర్చి వ్రాయుటకు కారణము వేరొకరి తప్పు కాదు. ఒక పర్యాయము ఆ అడవి కాయలు కుండలో వేసినవాడను నేనే.

మా మందిరములో జరిగినది

అది 2019వ సంవత్సరము నవంబరు నెల. మా సంఘమునకు ఒక పాత కంప్యూటరు ఉన్నది. పట్టణములో ఉద్యోగము చేయుచున్న మా సంఘపు బిడ్డ ఒకడు క్రొత్తది కొనుకొన్నప్పుడు పాతదానిని మందిరమునకు ఇచ్చెను. మిషనరీల కాలమునాటి బాప్తిస్మపు రిజిస్టరు నకలు అందులో ఉన్నది. అసలు పుస్తకము చెదలు తిని, ముట్టుకొనిన పొడి యగుచున్నందున, ఉద్యోగ విరమణ చేసిన పంతులమ్మగారు ఒకరు రెండు వేసవులు కూర్చుండి పేర్లన్నియు ఎక్కించిరి.

ఆ నెలలో క్రిస్మసు కార్యక్రమ పత్రిక తయారు చేయవలసి వచ్చెను. తెలుగు అక్షరములు అందముగా పేర్చు ప్రోగ్రాము ఒకటి కావలెను. అది వెల పెట్టి కొనవలసినది. మా యౌవనుల సమాజములో చురుకైన కుఱ్ఱవాడు ఒకడు, "నేను తెస్తానయ్యగారూ" అనెను. మరునాటి సాయంకాలమునకే తెచ్చెను.

"ఎంతయింది నాయనా?" అని అడిగితిని.

"ఏమీ కాలేదయ్యగారూ, ఉచితమే. టొరెంటులో దొరికింది."

నేను సంతోషించితిని. కానుకల పెట్టెలో డబ్బు మిగిలినదని మనస్సులో దేవుని స్తుతించితిని కూడ. వెల గల వస్తువు వెల లేకుండ ఎట్లు వచ్చెనని నేను అడుగలేదు. అడిగినయెడల జవాబు వినవలసి వచ్చును గదా!

దాని వెంట వచ్చిన సూచనలలో మొదటిది ఇది: కంప్యూటరులోని వైరసు కాపలా ప్రోగ్రామును ముందుగా ఆపివేయవలెను. వెల పెట్టి కొనవలసిన ప్రోగ్రాముల తాళము పగులగొట్టి పంచువారు తరచుగా ఇట్లే చెప్పుదురట. కుఱ్ఱవాడు అట్లే చేసెను. దొంగ వీధిలో నిలువబడి "మీ కుక్కను కట్టివేయుడి" అనగా, ఇంటివాడే లేచి కట్టివేసినట్లాయెను.

కొన్ని దినములకు, ఒక మంగళవారము రాత్రి, నేను పెన్‌డ్రైవు పెట్టి చూచితిని. ఫోల్డరు బొమ్మలన్నిటి మూలను చిన్న బాణపు గుర్తు కనబడెను. ఒకదానిమీద నొక్కగా నల్లని పెట్టె యొకటి రెప్పపాటు మెరసి మాయమాయెను. తరువాత ఫోల్డరు ఎప్పటివలెనే తెరచుకొనెను. ఏదో తేడా యున్నదని నా మనస్సు చెప్పెను. "పండుగ దాటనీ, తరువాత ఎవరికైన చూపింతము" అనుకొంటిని.

గురువారము పాస్టర్ల నెలసరి కూటము. క్రిస్మసు పాటల ప్రతులు కావలెనని ముగ్గురు సహోదర పాస్టర్లు అడిగిరి. ఆ పెన్‌డ్రైవునే వారి చేతికిచ్చితిని. వారు ఒకరి తరువాత ఒకరు దానిని ఇంటికి తీసికొనిపోయి, తమ కంప్యూటరులలో పెట్టి, నకలు తీసికొనిరి.

ఆ ముగ్గురిలో ఒకరు నాకు తండ్రివంటివారు. తన సంఘపు విధవరాండ్ర సహాయనిధి లెక్కలు ఆరు సంవత్సరములుగా ఆయన కంప్యూటరులో వ్రాయుచుండిరి. అది మొరాయింపగా పట్టణములో బాగుచేయు దుకాణమునకు పంపిరి. దుకాణపువాడు ఒక్క మాటయైన అడుగక అంతయు తుడిచివేసి, మొదటినుండి క్రొత్తగా ఎక్కించి ఇచ్చెను. వైరసు పోయెను. ఆరు సంవత్సరముల లెక్కలును పోయెను.

మా సంగతి ఏమందురా? ఆ జాతి వైరసు ఫైలులను చంపదు. వాటిని కంటికి కనబడకుండ దాచి, వాటి స్థానములో తనయొద్దకు దారితీయు బొమ్మలను నిలువబెట్టును. కళాశాలలో చదువుచున్న మా సంఘపు అమ్మాయి ఒకతె అరగంటలో దాగినవాటినన్నిటిని బయటికి తీసి, కంప్యూటరును శుభ్రపరచెను. మా బాప్తిస్మపు రిజిస్టరులో ఒక్క పేరును పోలేదు. విషము తెచ్చిన యింటికి నష్టము లేదు. నమ్మి పుచ్చుకొనిన యింటికి నష్టము.

నేను పోయి సంగతి చెప్పుకొనగా ఆ పెద్ద అయ్యగారు, "పోనీండి అయ్యగారూ, మీకు తెలియక జరిగింది. మనసులో పెట్టుకోకండి" అనిరి. కుఱ్ఱవాడు కన్నీళ్లతో, "నాకు తెలియదయ్యగారూ" అనెను. నేనును నాలో ఆ మాటయే చెప్పుకొంటిని. అయితే ఆ మంగళవారము రాత్రి మాటిమాటికి జ్ఞాపకమునకు వచ్చి నన్ను నిద్రపోనీయలేదు.

తీసికొనువాడే ఇచ్చువాడు

నీతిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, ఈ పంపకము జరుగు విధమును కొంచెము తెలిసికొందము.

సాధారణముగా మనము ఒక ఫైలును ఏదో ఒక సంస్థవారి పెద్ద కంప్యూటరునుండి తెచ్చుకొందుము. అది కొట్టునుండి సరకు తెచ్చుకొనుట వంటిది. ఫైలు పంచుకొను ప్రోగ్రాములలో ప్రతివాని కంప్యూటరే ఒక కొట్టు. 1999లో అమెరికాలో షాన్ ఫానింగ్ అను యౌవనుడు ఆరంభించిన నాప్‌స్టర్ వలన ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను. పాటల హక్కుదారులు న్యాయస్థానమునకు పోగా 2001లో దాని పంపకము ఆగిపోయెను. కజా, లైమ్‌వైర్ మొదలగునవియు వచ్చెను. 2001లోనే బ్రామ్ కోహెన్ అను ఆయన బిట్‌టొరెంట్ అను పద్ధతిని బయలుపరచెను. టొరెంటు అని మన పిల్లలు చెప్పునది ఇదియే.

ఇందులో ఫైలు చిన్న చిన్న ముక్కలుగా విభజింపబడును. మీరు నలుగురియొద్దనుండి ముక్కలు తీసికొనుచుండగనే, మీయొద్దకు చేరిన ముక్కలను మీ కంప్యూటరు మరి నలుగురికి ఇచ్చుచుండును. దానికి మీరు ప్రత్యేకముగా సెలవియ్యనక్కరలేదు. "నేను తెచ్చుకొంటిని గాని ఎవరికిని ఇయ్యలేదు" అని చెప్పువానికి తన యింటి వెనుక తలుపు తెరచియున్నదని తెలియదు.

పూర్తి ఫైలును కలిగి ఇతరులకు ఇచ్చుచుండువానికి వారు పెట్టిన పేరు సీడర్, అనగా విత్తువాడు. తీసికొనుటయే గాని ఇయ్యనివానికి పెట్టిన పేరు జలగ. ఆ కూటములో విత్తువాడు గౌరవనీయుడు. బాగుగనే యున్నది, అయితే విత్తునది ఏ విత్తనము?

ప్రతి ముక్కకు వ్రేలిముద్ర వంటి ఒక లెక్క గలదు. ముక్క చేరగానే ప్రోగ్రాము ఆ ముద్రను సరిచూచి, సరిపడనిదానిని త్రోసివేయును. ఇది చూచి "పరీక్షింపబడినదే గదా" అని అనేకులు ధైర్యపడుదురు. ఆ పరీక్ష చెప్పునది ఒక్కటే: మొదట విత్తినవాడు పెట్టినదియు, మీకు చేరినదియు ఒక్కటే అని. మొదట పెట్టినది గోధుమయో గురుగో అది చెప్పదు. గురుగు పెట్టినయెడల, గురుగే యే మార్పును లేకుండ మీ పొలమునకు చేరును.

రైతులకు ఈ సంగతి నేను నేర్పనక్కరలేదు. కల్తీ విత్తనపు సంచి మీది పేరు మంచిదే, బొమ్మ మంచిదే. అందుచేతనే విత్తనములు కొన్నప్పుడు బిల్లు తీసికొని, ఖాళీ సంచితో కూడ పంట చేతికి వచ్చువరకు దాచుకొనుమని వ్యవసాయాధికారులు చెప్పుచుందురు. బిల్లు గల విత్తనమునకు జవాబుదారి ఉన్నాడు. టొరెంటులో వచ్చిన ప్రోగ్రామునకు బిల్లు ఎక్కడ?

శత్రువు ఈ పొలమును త్వరలోనే కనుగొనెను. 2002 మే నెలలో కజా వాడువారిలో బెంజమిన్ అను పేరుగల వైరసు వ్యాపించెను. అది కంప్యూటరులో ప్రవేశించి, ఒక ఫోల్డరు కల్పించి, అందులో తనకు తానే అనేక నకలులు చేసికొని, జనులు వెదకు పాటల, సినిమాల, ప్రోగ్రాముల పేర్లు వాటికి పెట్టి, ఆ ఫోల్డరును ఇతరులకు తెరచిపెట్టెడిది. యజమానుడు నిద్రించుచుండగా అతని యింటినుండియే విషము పంపిణీ యగుచుండెను. మనుష్యులు నిద్రించుచుండగా శత్రువు వచ్చి గురుగులు విత్తెనని ప్రభువు చెప్పిన ఉపమానము జ్ఞాపకము వచ్చుట లేదా?

తలుపు తెరచియుంచుటవలన లోపలి వస్తువులును బయటికి పోవును. 2010 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌వారు సుమారు నూరు సంస్థలకు వ్రాసి, వారి ఖాతాదారుల, ఉద్యోగుల సొంత వివరములు ఫైలు పంపక ప్రోగ్రాములలో ఎవరికైనను దొరకునట్లు పడియున్నవని హెచ్చరించిరి.

"మాకు టొరెంటు తెలియదు" అని మన తల్లులు, పెద్దలు అనవచ్చును. అయితే ఫోనులలో ఇదే పంపకము వేరొక రూపమున జరుగుచున్నది. షేరిట్, జెండర్ అను యాప్‌లతో మన యౌవనులు ఫోనునుండి ఫోనుకు సినిమాలు పంచుకొనెడివారు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండును ఉండెను. యాప్‌లు పోయెను గాని, చేతికి వచ్చినదానిని చూడక తెరచు అలవాటు పోలేదు. వాట్సాప్‌లో పెండ్లి శుభలేఖ అని ఒక ఫైలు వచ్చును. దాని పేరు చివర ఏపీకే అని యుండును. శుభలేఖ అయినయెడల అది ఫొటోగానో పీడీఎఫ్‌గానో ఉండవలెను. ఏపీకే అనగా ఫోనులో ఎక్కు ప్రోగ్రాము. దానిని ఎక్కనిచ్చి, అది అడిగిన అనుమతులు ఇచ్చినయెడల, మీ మెసేజీలు చదివి, బ్యాంకువారు పంపు ఓటీపీని దొంగలకు అందింపగలదు. మీ పేరుననే మీ బంధువులకు అదే శుభలేఖను పంపగలదు. 2024లో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు ఇట్టి శుభలేఖలను గూర్చి ప్రజలను హెచ్చరించిరి.

పొడుచు ఎద్దు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తెలియక చేసిన హానికి మనము బాధ్యులమా?

సెమినరీలో మాకు నీతిశాస్త్రము బోధించిన గురువుగారు తెలియమిని రెండు విధములుగా విభజించి చెప్పెడివారు: తెలిసికొన వీలులేని తెలియమి ఒకటి, తెలిసికొన నొల్లని తెలియమి రెండవది. ఆ దినములలో పరీక్ష కొరకు వ్రాసికొంటిని. దాని భావము 2019లో గ్రహించితిని.

నిర్గమకాండములో పొడుచు ఎద్దును గూర్చిన విధి ఈ భేదమునే చూపుచున్నది. ఎద్దు ఒకనిని పొడిచి చంపినయెడల దానిని రాళ్లతో కొట్టి చంపవలెను, దాని మాంసము తినకూడదు. యజమానుడు మాత్రము నిర్దోషి. అయితే అది మునుపే పొడుచు అలవాటు గలదై, ఆ సంగతి యజమానునికి తెలుపబడియుండియు, అతడు దానిని కట్టివేయనియెడల, అప్పుడు యజమానుడును దోషి.

ఇందులో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, "ఆ మనుష్యుడు చావవలెనని నీవు కోరితివా?" అని ధర్మశాస్త్రము యజమానుని అడుగుట లేదు. "నీకు ముందుగా తెలుపబడెనా?" అని అడుగుచున్నది. రెండవది, యజమానుడు నిర్దోషియైనను ఎద్దు మాంసము తినకూడదు. అనగా, తెలియక జరిగినదైనను, హాని చేసినదానివలన లాభము పొందుటకు అతనికి హక్కు లేదు. "తప్పు నాది కాదు గనుక వచ్చిన ప్రోగ్రాము ఉంచుకొందును" అనుటకు ఇచ్చట చోటు లేదు.

మన దేశపు చట్టములోను ఇట్టి భేదము కనబడుచున్నది. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 43వ సెక్షను ప్రకారము, అనుమతి లేకుండ ఒకరి కంప్యూటరులోనికి వైరసు ప్రవేశపెట్టినవాడు నష్టపరిహారము చెల్లింపవలెను. ఆ పని కపటముతోనో మోసముతోనో చేసినయెడల, 66వ సెక్షను ప్రకారము 3 సంవత్సరముల వరకు చెరసాల శిక్ష గలదు. పరిహారము వేరు, శిక్ష వేరు.

ఈ కొలతతో ముగ్గురు మనుష్యులను కొలిచి చూతము.

మొదటివాడు: 2016 మార్చిలో ట్రాన్స్‌మిషన్ అను టొరెంటు ప్రోగ్రామును మాక్ కంప్యూటరులో ఎక్కించుకొనినవాడు. ఆ ప్రోగ్రాము యోగ్యమైనదే. దానిని చేసినవారే ఉచితముగా ఇచ్చుచున్నారు. అయితే వారి సొంత వెబ్‌సైటులోని ప్రతిలోనే ఎవరో విషము కలిపిరి. ఎక్కించిన తరువాత అది మూడు దినములు మాటుగా నుండి, పిమ్మట ఫైలులన్నిటికి తాళము వేసి, తాళపుచెవి ఇచ్చుటకు ఒక బిట్‌కాయిన్, అనగా ఆనాటి వెలలో సుమారు 400 డాలర్లు, అడుగును. సొంతదారుని యింటికి పోయి, తలుపు తట్టి తీసికొనినవానికి ఇది ఎట్లు తెలియును? అతనిది వీలులేని తెలియమి. నేను అతనిమీద రాయి వేయజాలను.

రెండవవాడు: మా కుఱ్ఱవాడు. వైరసు ఉన్నదని అతనికి తెలియదు. కాని అది సొంతదారుని యింటినుండి వచ్చినది కాదని తెలియును. కాపలాను ఆపుమని చెప్పినప్పుడు అనుమానపడుటకు తావుండెను. కొంత తెలియును, కొంత తెలియదు.

మూడవవాడను నేను. మంగళవారము రాత్రి ఎద్దు నా కన్నుల ఎదుటనే పొడిచెను. గురువారము నేను దానిని కట్టక, సహోదరుని దొడ్డిలోనికి తోలితిని. నా కంటె ఆ కుఱ్ఱవాడు నీతిమంతుడు. సంఘము అతనిని గద్దించి నన్ను ఓదార్చెను. జరుగవలసినది దానికి మారుగా నుండెను. యజమానుని చిత్తము ఎరిగిన దాసునికి ఎక్కువ దెబ్బలు, ఎరుగనివానికి కొద్ది దెబ్బలు అని ప్రభువు చెప్పెను. కొద్ది దెబ్బలనెను గాని, దెబ్బలే లేవనలేదు.

సిలువమీద ప్రభువు తన్ను హింసించినవారు తెలియక చేయుచున్నారని తండ్రితో మనవి చేసెను. "తెలియదు గనుక వీరికి క్షమాపణ అక్కరలేదు" అని ఆయన చెప్పలేదు; వారి కొరకు క్షమాపణయే అడిగెను. కావున తెలియమి మన భారమును తగ్గించునే గాని, క్షమాపణ అక్కరలేనివారినిగా మనలను చేయదు.

రెండు ఆక్షేపణలు

"మందిరపు పని కొరకే గదా తెచ్చితిమి?" అని కొందరు అడుగుదురు. గిల్గాలులో కాయలు కోసినవాడును ప్రవక్తల భోజనము కొరకే కోసెను. దానివలన కాయల గుణము మారలేదు. దావీదు బలి అర్పింపబోయినప్పుడు అరౌనా తన కళ్లమును, ఎడ్లను ఉచితముగా ఇచ్చెదననెను. అడిగినది రాజు, ఇచ్చువాడు సొంతదారుడు, పని దేవునిది. అయినను దావీదు వెలయిచ్చి కొనెను. సొంతదారుడు ఇయ్యకయే మనము తీసికొనినదానిని బలిపీఠముమీద ఎట్లు పెట్టుదుము?

"ఆది సంఘమువారు సమస్తమును సమష్టిగా ఉంచుకొనలేదా? పంచుకొనుట క్రైస్తవ ధర్మము గదా?" అని యౌవనులు అడుగుదురు. మంచి ప్రశ్న. బర్నబా పొలము అమ్మి డబ్బు తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. అది అతని పొలము. పొరుగువాని పొలము అమ్మి తెచ్చినయెడల దానిని దానమని యెవరును అనరు. ఫైలు పంచుకొను ప్రోగ్రాములు తమంతట చెడ్డవి కావు. లినక్స్ వంటి ప్రోగ్రాములను చేసినవారే టొరెంటుల ద్వారా సంతోషముగా పంచుచున్నారు. నీకు పంచు అధికారము ఉన్నదా, నీవు పంచునది ఏమిటో నీవు ఎరుగుదువా అనునవే ప్రశ్నలు.

మరియొక మాట చెప్పవలెను, సిగ్గుతో. మాకు కావలసినది వెల లేకుండ ధర్మముగానే దొరికియుండెడిది. లిబ్రె ఆఫీసు అను ప్రోగ్రామును, నోటో మొదలగు తెలుగు అక్షరములను వాటిని చేసినవారే అందరికి ఉచితముగా ఇచ్చుచున్నారు. ఇప్పుడు మా పత్రిక వాటితోనే తయారగుచున్నది. ఒక్క ప్రశ్న అడిగియుంటే ఆ రోజే తెలిసియుండును.

మనము చేయవలసినవి

ఏ ప్రోగ్రామునైనను దానిని చేసినవారి యింటినుండియే తెచ్చుకొనుడి. ఫైలు పేరు చివరి అక్షరములు చూడుడి. విండోస్ మామూలుగా ఆ చివరి అక్షరములను దాచును; వాటిని చూపునట్లు అమర్చుకొనుడి. పాట అని చెప్పినది ఈఎక్స్‌ఈ అని ముగిసినయెడల అది పాట కాదు. పరిమాణము చూడుడి: ఎమ్‌పీ3 పాట సాధారణముగా నిమిషమునకు ఒకటి రెండు మెగాబైట్లు ఉండును, మూడు గంటల సినిమా అని చెప్పి రెండు మెగాబైట్లున్నయెడల అది సినిమా కాదు. కాపలాను ఆపుమని అడుగుదానిని లోపలికి రానీయకుడి. ముఖ్యమైన రిజిస్టరులు, లెక్కలు వేరొక చోట కూడ నకలు తీసి, ఆ నకలును కంప్యూటరునుండి తీసివేసి భద్రపరచుడి. బాగుచేయు దుకాణమునకు ఇచ్చునప్పుడు "నన్ను అడుగక ఏమియు తుడవకండి" అని చెప్పుడి. భారత ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రము 2017నుండి శుభ్రపరచు ప్రోగ్రాములను ఉచితముగా ఇచ్చుచున్నది. మోసమువలన డబ్బు పోయినయెడల ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయుడి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి గలదు. మీ కంప్యూటరులోనో ఫోనులోనో తేడా కనబడినయెడల, మీరు ఎవరెవరికి ఏమి ఇచ్చితిరో వారికి ఆ గడియలోనే చెప్పుడి. సిగ్గు అడ్డము వచ్చును. "పండుగ దాటనీ" అని మనస్సు చెప్పును. ఆ మాట వినకుడి.

లెక్కలు తిరిగి వ్రాసిన దినములు

2020 జనవరి, ఫిబ్రవరి మాసములలో ఎనిమిది శనివారములు నేనును ఆ కుఱ్ఱవాడును పెద్ద అయ్యగారి గ్రామమునకు పోయితిమి. రసీదు పుస్తకములు, తీర్మానపు పుస్తకము, విధవరాండ్ర యొద్దనున్న చిన్న పుస్తకములు ముందు పెట్టుకొని లెక్కలు తిరిగి వ్రాసితిమి. చదువురాని ఒక అవ్వ తనకు ముట్టినదంతయు జ్ఞాపకముంచుకొనెను. "తుపాను వచ్చిన నెల ఇంత, నా మనవరాలి పెండ్లి నెల ఇంత" అని ఆమె చెప్పుచుండగా కుఱ్ఱవాడు వ్రాసెను. అయినను మొదటి సంవత్సరపు రసీదులు కొన్ని దొరకలేదు. ఊహించి నింపుదమా అని నేను అడిగితిని. "వద్దు అయ్యగారూ, తెలియనిది తెలియదనే ఉంచుదాం" అని పెద్ద అయ్యగారు ఆ వరుసలను ఖాళీగా విడిచి, ప్రక్కను చేవ్రాలు చేసిరి. "తెలియదు" అను మాట యథార్థముగా పలుకబడుట ఆనాడు వింటిని.

ఆ ఖాళీ వరుసలు ఇప్పటికిని అట్లే యున్నవి. క్షమాపణ దొరికినది, స్నేహము నిలిచినది. పోయినది మాత్రము పూర్తిగా తిరిగి రాలేదు.

ప్రియులారా, గిల్గాలు కుండను మరల ఒక్కసారి చూడుడి. ఎలీషా పిండి తెప్పించి అందులో వేసెను, కీడు తొలగెను. అయితే దానికి ముందు జరిగినది ఏమిటి? తినుచున్నవారు కేక వేసిరి. కాయలు తెచ్చిన స్నేహితుడు సిగ్గుపడునని వారు ఊరకుండలేదు. వారు ఊరకున్నయెడల ప్రవక్త ప్రక్కనే యుండియు వారు చనిపోయియుందురు. దేవుని కనికరము కుండయొద్దనే యున్నది. కేక వేయవలసినది మనము. తెచ్చినవాడే మొదట కేక వేసినయెడల మరి మేలు.

ప్రార్థింతము: ప్రభువా, మేము ఎరుగక చేసిన కీడును క్షమింపుము. ఎరుగనొల్లక చేసిన కీడును మాకు చూపుము. మా చేతినుండి పొరుగువాని చేతికి పోవునదానిని పరీక్షించు బుద్ధిని, తప్పు కనబడిన గడియలోనే ఒప్పుకొను ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.